కరెంటు లేని రోజు గిటారు

పోయిన వారం మధుమితను మనం అన్నూరు బస్సు ఎక్కించి వదిలేశాం. ఒళ్ళో రికార్డరు, గుండెల్లో బోలెడు దడ. ఎందుకా దడ అని అడిగేవాళ్ళ కోసం, కథ మధ్యలో వచ్చి చేరిన వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

మధుమిత కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో పత్తి వ్యాపారం చేసే షణ్ముగం గారి అమ్మాయి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, ఉద్యోగంలో ఇంగ్లీషు. ఆ ఉద్యోగం ఏమిటో ఇంట్లో ఎవరికీ అంతుపట్టదు. రాక్ సంగీతం వాయించే వాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాళ్ళతో గంటలకొద్దీ కబుర్లాడి, ఆ కబుర్లు రాస్తుంది. షణ్ముగం గారికి ఆ పాటలన్నా, ఆ జుట్లన్నా ఒళ్ళుమంట. వాళ్ళ అవ్వ ధనభాగ్యం అయితే "ఊరికే మాట్లాడేదానికి జీతం కూడా ఇస్తారా కణ్ణు?" అని, మనం బంగారూ అన్నట్టు కణ్ణూ అంటూ, ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది.

ఆ కబుర్లన్నీ ఇప్పుడు పుస్తకంగా రాబోతున్నాయి. అన్ని అధ్యాయాలూ సిద్ధం, ఒక్కటి తప్ప. పోదనూరు రైల్వే కాలనీలో పుట్టి, ఒకే ఒక్క క్యాసెట్టు చేసి మాయమైపోయిన 'లూప్ లైన్' బ్యాండు గిటారిస్టు దినకరన్‌ది ఆ అధ్యాయం. ఆయన ముప్పై అయిదేళ్ళుగా ఏ పత్రికతోనూ పెదవి విప్పలేదు. ఆ క్యాసెట్టులో 'డిస్టెంట్ సిగ్నల్' అనే పాట ఉంది. పాట సగంలో గిటార్లు, డ్రమ్ములు అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. అరిగిన టేపు గరగరల వెనక నుంచి ఎవరో ఆడమనిషి పెదాలు మూసి తీసే రాగం వినపడుతుంది. ఎవరామె? క్యాసెట్టు మీద పేరు లేదు. రాక్ పిచ్చి ఉన్నవాళ్ళు ఏళ్ళ తరబడి ఆ గొంతు గురించి కొట్టుకు చస్తున్నారు.

బ్యాండులో డ్రమ్స్ వాయించిన ఆరోగ్యమేరి పోయిన వారం మధుమితకు అన్నీ చెప్పింది. ఆ గొంతు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోటికి తాళం వేసుకుంది. "ఆదివారం పోదనూరులో మేము మళ్ళీ స్టేజీ ఎక్కుతున్నాం. అందరం ఒప్పుకున్నాం. దినా ఒక్కడే రానంటున్నాడు. నువ్వు వెళ్ళి ఎలాగైనా తీసుకురా. షట్‌డౌన్ రోజు చూసుకుని వెళ్ళు. గొంతు మాట మాత్రం ఎత్తకు, తలుపు మూసేస్తాడు" అని సాగనంపింది. దినకరన్ రాకపోతే కచేరీ లేదు. కచేరీ లేకపోతే మధుమిత పుస్తకానికి చివరి అధ్యాయం లేదు. సరే, ఇక పదండి.

*

బస్సు దిగగానే మధుమితకు వింతగా తోచింది ఆ నిశ్శబ్దం. అన్నూరు చుట్టుపక్కల వీధి వీధికీ పవర్‌లూమ్ షెడ్లే. మామూలు రోజుల్లో ఆ వీధుల్లో నడిస్తే చెవుల్లో టకటకలు తప్ప ఇంకేమీ వినపడవు. నెలకోసారి ఈబీ వాళ్ళు, అంటే కరెంటాఫీసు వాళ్ళు, తీగలు బాగు చేసుకోవడానికి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కరెంటు తీసేస్తారు. ఆ రోజు మగ్గాలకు సెలవు, మగ్గాల వాళ్ళకు నిద్ర. ఊరంతా గుర్రు పెడుతున్నట్టుంది.

దినకరన్ షెడ్డు ఊరి చివర, కొబ్బరి తోటను ఆనుకుని ఉంది. రేకుల తలుపు ఓరగా తెరిచి ఉంటే మధుమిత పిలవబోయి ఆగింది. లోపల్నుంచి సన్నగా, దోమ రొదకంటే కొంచెం గట్టిగా ఏదో మోగుతోంది. చెవి తలుపుకు ఆనించి వింది. గిటారు! కరెంటు గిటారే, కానీ కరెంటు లేదు. చప్పుడు పెంచే ఆంప్ పెట్టెకు తగిలించి వాయిస్తే నాలుగు వీధులు దద్దరిల్లించే ఆ వాయిద్యం, తీగ పీకేస్తే పక్క గదిలోకి కూడా వినపడదు.  క్యాసెట్టు మీది ఫొటోలో పొడుగు జుట్టు ఎగరేస్తూ కనపడే మనిషి ఇక్కడ, ఈ తలుపు వెనకే ఉన్నాడు!

తలుపు తోసింది. మగ్గాల మధ్య, నూలు కండెలు నింపుకునే ఇనప పెట్టె మీద కూర్చున్నాడు ఆయన. పొడుగు జుట్టు ఏనాడో పోయింది. మడిచి కట్టిన పంచె, నుదుటి మీదికి తోసిన కళ్ళద్దాలు, కనుబొమ్మల్లో పత్తి పీచు. ఒళ్ళో రంగు వెలిసిన ఎర్ర గిటారు. ఆమెను చూడగానే గిటారును ఒక గుడ్డతాను కింద దాచబోయాడు.

వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది తమిళంలో. మీకోసం తెలుగులో రాస్తున్నాను, అంతే.

"షెడ్డుకు సెలవమ్మా. సరుకు కావాలంటే రేపు రండి."

"సరుకు కోసం కాదు సార్. నా పేరు మధుమిత. ఆరోగ్యమేరి గారు పంపారు."

"మేరీనా?" ఆయన మొహంలో నవ్వు ఒకటి వచ్చి, అంతలోనే సర్దుకుంది. "పత్రికా?"

"అవును సార్. పుస్తకం రాస్తున్నాను."

"అయితే టీ తాగి వెళ్ళు. ఫ్లాస్కులో ఉంది. ఇంటర్వ్యూ మాత్రం ఇవ్వను."

మధుమిత అలాంటి మాటకు లేచిపోయే రకం కాదు. ఎంతమంది గిటారు వాళ్ళను చూసింది! ముందు ఇవ్వనంటారు, తర్వాత ఆపమన్నా ఆపరు. టీ పోసుకుంది, రికార్డరు బయటికి తీయకుండా కూర్చుంది, గిటారు వైపు చూసి మామూలుగా అడిగినట్టు అడిగింది.

"కరెంటు లేని రోజే ఎందుకు వాయిస్తారు సార్?"

"మగ్గాలు ఆడే రోజు నాకే వినపడదు కదా. షట్‌డౌన్ రోజు నాకు ఒక్కడికే వినపడుతుంది. నాకు కావలసిందీ అంతే."

"ముప్పై అయిదేళ్ళుగా ఇలాగేనా?"

"ఇలాగే. ఈ వీధిలో వాళ్ళు నన్ను గుడ్డ నేసేవాడనే అనుకుంటారు. నిజమే కదా అది."

ఆ తర్వాత మాటలు వాటంతట అవే వచ్చాయి. రైల్వే కాలనీ హాల్లో మొదటిసారి వాయించినప్పుడు ముందు వరసలో కూర్చున్న స్టేషన్ మాస్టరు చెవుల్లో దూది పెట్టుకోవడం, ఆరోగ్యమేరి డ్రమ్ము కర్ర ఎగిరిపోయి ఆయన ఒళ్ళోనే పడటం. ఆయన చెబుతూ నవ్వుతున్నాడు, మధుమిత కడుపు పట్టుకుని నవ్వుతోంది. క్యాసెట్టు రికార్డు చేయడానికి స్టూడియో ఎక్కడ దొరికిందని అడిగింది.

"స్టూడియోకు మాకు డబ్బులెక్కడివి? పత్తి గోడౌనులో చేశాం. నాలుగు పక్కలా పత్తి బేళ్ళు పేర్చి మధ్యలో నిలబడితే బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలిది బయటికి పోదు. అంత మంచి స్టూడియో మద్రాసులో కూడా లేదు."

"ఎవరి గోడౌను సార్?"

"పత్తి వాళ్ళది," అని ఆయన టీ గ్లాసు వైపు చూపు తిప్పేశాడు.

మధుమిత అక్కడ ఆపింది. అడగవలసిన మాట వేరే ఉంది. గొంతు సవరించుకుని అడిగేసింది.

"ఆదివారం రండి సార్. అందరూ మీకోసం చూస్తున్నారు."

"రాను."

"ఎందుకని?"

"స్టేజీ ఎక్కితే ఆ పాట వాయించకుండా దిగనిస్తారా? ఆ పాట నేను వాయించను. ఇంక ఈ మాట వద్దమ్మా."

ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే మధుమిత వాదించేదే. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంత దూరం వచ్చి, ఇంత నవ్వించి, చివరికి ఇదా! గ్లాసు కడిగి పెట్టి, బ్యాగు సర్దుకోవడం మొదలుపెట్టింది. ఆయన కూడా మొహమాటపడ్డట్టున్నాడు. ఏం చేయాలో తోచక గిటారు మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని, ఎటో చూస్తూ తీగలు మీటసాగాడు.

డ్రమ్ములు లేవు. ఆంప్ లేదు. టేపు గరగర లేదు. బట్టలు విప్పి నిలబెట్టినట్టు వరస ఒక్కటే వినపడుతోంది. మొదటి అడుగు, అంటే పాటలో మొదటి పాదం, తర్వాత రెండో అడుగు. 'డిస్టెంట్ సిగ్నల్'లో ఆ గొంతు తీసే రాగమే అది. మధుమిత ఆ పాట వెయ్యిసార్లు విని ఉంటుంది. ఇంత నెమ్మదిగా, ఇంత విడిగా ఎప్పుడూ వినలేదు. మూడో అడుగు మొదలైంది. బ్యాగు జిప్పు మీద ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఇది నలుగు పాట!

ఈ ముక్క వివరంగా చెప్పాలి. వాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళికూతురికి నలుగు పెట్టేటప్పుడు ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని పాడతారు. మగవాళ్ళు ఆ గదిలోకి రాకూడదు, ఆ పాట గడప దాటకూడదు. పాట చాలా ఇళ్ళల్లో ఉంది. కానీ మధుమిత ఇంట్లో దానికి ఒక విడ్డూరం ఉంది. మూడో అడుగులో పెళ్ళికూతురి పేరు రావాలి. పేరు పలికితే దిష్టి తగులుతుందని, ఆ ఇంటి ఆడవాళ్ళు అక్కడ పెదాలు మూసి, వరసనే వేరే మలుపు తిప్పి వట్టి రాగం తీస్తారు. ఇంకెవరింట్లోనూ అలా తీయరు. పోయిన ఏడాది అక్క అభిరామి పెళ్ళిలో అవ్వ ధనభాగ్యం ఆ రాగం తీస్తుంటే మధుమిత పక్కనే పసుపు గిన్నె పట్టుకుని కూర్చుంది. ఆ మూడో అడుగు ఇప్పుడు ఈ రేకుల షెడ్డులో ఈ ముసలాయన వేళ్ళ కింద మోగుతోంది.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. చిన్నాయన కూతురు ప్రియంక. ఆదివారం కచేరీకి లైట్లు, మైకులు అన్నీ చూసుకుంటున్నది ఆమే. ఇక్కడే మన మధుమిత పప్పులో కాలేసింది.

కోయంబత్తూరులో తెలుగిళ్ళ పిల్లలందరికీ ఒక ధీమా ఉంటుంది. బట్టల కొట్లో బేరం ఆడేటప్పుడు, ఆసుపత్రిలో వరసలో నిలబడి డాక్టరును తిట్టుకునేటప్పుడు, బస్సులో ఎదుటి మనిషి చీర గురించి చెప్పుకునేటప్పుడు తెలుగులోకి దిగితే చాలు, ఎవరికీ తెలియదని. ఆ ఊళ్ళో సగం వీధులు తెలుగువాళ్ళవే, అయినా ఆ ధీమా పోదు. మధుమిత ఆ ముసలాయన మూడడుగుల దూరంలో ఉండగానే, గొంతైనా తగ్గించకుండా అందుకుంది.

"ఏమాయెనే? ఒప్పుకొనెనా?" అంది ప్రియంక.

"ఎక్కడే! ముసలోడు రానంటే రానంటాండాడు. అది ఉండనీ, ఇంకొకటి చెప్తా విను. నువ్వు కూసోనుండావా? కూసో ముందర. ఆ డిస్టెంట్ సిగ్నల్ ఉండాది చూడు, అది మన అవ్వ పాడే నలుగు పాటనే!"

"సుమ్మా, ఊరికే ఏమన్నా చెప్పద్దు."

"దేవుని సాక్షిగా చెప్తాండా. మూడో అడుగులో నోరు మూసుకొని రాగం తీసేది మన ఇంట్లో కాక ఇంకెవరింట్లో ఉండాది? ఈ ముసలోడు మన ఇంటి పాటను దొంగిలించుకొని పొయ్యి, దానికి రాక్ అని పేరు పెట్టుకొన్నాడే! ఇన్నాళ్ళు మొగం దాచుకొని కూసోనుండేది దానికే. దొంగ కదా, ఎట్ల బయటికి వస్తాడు?"

గిటారు ఆగింది.

"దొంగిలించలే కణ్ణు," అన్నాడు దినకరన్. "ఇచ్చినారు."

తెలుగు! అచ్చం ఇంట్లో తెలుగు. ఫోను మధుమిత చేతిలోంచి జారి నూలు కండెల బుట్టలో పడింది. అందులోంచి "ఎవరే అది? మధూ? ఎవరే?" అని ప్రియంక అరుస్తూనే ఉంది. మధుమితకు చెవులు ఎర్రగా కాలిపోయాయి. భూమి చీలి తనను లోపలికి లాక్కుంటే బాగుండుననిపించింది. ముసలోడు అంది. దొంగ అంది. ఆయన పోసిన టీ తాగి మరీ అంది!

"సార్... నేను... మీరు తెలుగని..."

"మాదీ తెలుగే. ఎన్ని తరాల నాటి నుండో ఈడనే ఉండాం. ముసలోడు అంటివి. సరి, అది నిజమే. దొంగ అంటివే, అది మాత్రం ఒప్పుకోను." ఆయన కళ్ళద్దాలు నుదుటి మీది నుంచి కిందికి దించి ఆమె మొహాన్ని పరీక్షగా చూశాడు. "మన అవ్వ, మన అవ్వ అంటివే. ఏ అవ్వ?"

"మా నాయనకు అమ్మ. ధనభాగ్యం."

దినకరన్ గిటారును మెల్లగా మగ్గానికి ఆనించి లేచి నిలబడ్డాడు.  తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు, నవ్వుతూ నవ్వుతూ పంచె కొంగుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ధనభాగ్యం అక్క మనమరాలివా నువ్వు! ముందరే చెప్పుంటే ఏమి? చూడు కణ్ణు, నా నోటితో చెప్పనని ఆయమ్మకు మాటిచ్చింటిని. నా నోటితో నేను చెప్పలే. మేరీ చెప్పలే. నీయంతకు నువ్వే కనుక్కొంటివి. ఆ ఇంటి పిల్లే కనుక్కొన్నాక ఇంక నేను మూసి పెట్టేదానికి ఏముండాది?"

"అంటే... ఆ గొంతు..."

"ఆమా. మీ అవ్వదే."

 మధుమిత వేసింది ఒక కేక! పైన రేకుల మీద కూర్చున్న పావురాలన్నీ రెక్కలు కొట్టుకుని లేచిపోయాయి. ఎంతమంది వెతికిన గొంతు అది! ఆ గొంతు ఎవరిదో కనిపెట్టాలని బెంగళూరు నుంచి, మద్రాసు నుంచి మనుషులు వచ్చి పోదనూరంతా తిరిగారు. ఆ గొంతు రోజూ పొద్దున తనను "లేవే, పాలు చల్లారిపోతాండాయి" అని నిద్ర లేపే గొంతు! ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేసింది.

"చెప్పండి. మొదటి నుంచి చెప్పండి. రికార్డరు పెట్టనా?"

"పెట్టుకో."

ఆయన చెప్పాడు. వాళ్ళ నాయనకు అన్నూరులో పత్తి చేను ఉండేది. సరుకు బండి మీద ఆర్.ఎస్. పురం తీసుకువచ్చి మధుమిత వాళ్ళ తాతకు అమ్మేవాడు. బండితో వచ్చే దినకరన్ ఒకరోజు ధైర్యం చేసి, ఆదివారాలు గోడౌను ఇస్తారా అని అడిగాడు. తాత ఏ కళనున్నాడో సరేనన్నాడు. గుంపులో ఆడపిల్ల ఉందని, మేరీకి తోడుగా ఉండమని ఇంటి కోడలు ధనభాగ్యాన్ని కాఫీ ఇచ్చి పంపేవారు. ఆమె బేళ్ళ వెనక కూర్చుని వినేది. ఎన్నో ఆదివారాలు ఒక్క మాటా అనలేదు.

"ఒకనాడు కాఫీ లోటాలు ఎత్తుకొంటా చెప్పె. 'దినా, మీ పాట పరిగెత్తుతానే ఉండాది, ఊపిరే తీసుకోదు' అని. ఎట్ల తీసుకోవాల అక్కా అంటిని. ఆయమ్మ అటూ ఇటూ చూసి, బేళ్ళ పక్క తిరుక్కొని ఈ రాగం తీసె. మేరీ చేతిలో కర్రలు ఆగిపొయ్యె. నాకు ఈడ..." ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఈ రోజుకూ అట్లనే ఉండాది."

"మరి రికార్డింగు?"

"ఇంట్లో అందరూ పళని గుడికి పొయ్యినారు. ఆయమ్మ తలనొప్పి అని నిలిచిపొయ్యె. మైకు ముందర నిలబడి, 'నోరు తెరిచి పాడితే తప్పు దినా. నోరు మూసుకొని తీస్తే పాడినట్టు కాదు కదా?' అని అడిగె. కాదక్కా, కానే కాదు అంటిమి అందరమూ." దినకరన్ మళ్ళీ నవ్వాడు. "ఒక్కటే తూరి తీసె. రెండో తూరి అడిగేదానికి మాకు నోరు రాలే. పోతా పోతా చెప్పె, నా పేరు యాడా రాకూడదు, ఎవరడిగినా చెప్పకూడదు, ఇంటి పాట వీధిలో పెట్టిందని మా అత్తకు తెలిస్తే నేను ఆ ఇంట్లో తలెత్తుకొని తిరగలేను అని."

ఆ తర్వాత క్యాసెట్టు చేతులు మారి మారి ఎక్కడెక్కడికో పోయింది. పత్రికల వాళ్ళు వచ్చారు. వచ్చిన ప్రతివాడూ మొదట అడిగేది ఒకటే, ఆ గొంతెవరిది? ఏదో ఒక అబద్ధం చెప్పి ఉంటే సరిపోయేది. దినకరన్‌కు అబద్ధం నాలుక మీదికి రాలేదు. అడిగేవాళ్ళు ఎక్కువయ్యేకొద్దీ ఆయన మాట్లాడటం తగ్గించాడు, తర్వాత వాయించడం తగ్గించాడు, ఆఖరికి తిరిగి అన్నూరు వచ్చి మగ్గాలు పెట్టుకున్నాడు.

 ఇచ్చిన ఒక్క మాట కోసం ఈ మనిషి తన వయసంతా ఈ షెడ్డులో పెట్టాడు. అవ్వకు తెలుసా ఈ సంగతి? ఇంట్లో తాను 'డిస్టెంట్ సిగ్నల్' పెట్టుకున్నప్పుడల్లా అవ్వ ఏం చేసేదో ఇప్పుడు గుర్తొచ్చింది. పాట సగానికి రాకముందే "ఏమి గోలే ఇది" అని లేచి వంటింట్లోకి పోయి కొళాయి తిప్పేది. గిన్నెలు ఉండేవి కావు, ఊరికే నీళ్ళు పోయేవి. అవ్వకు రాక్ అంటే గిట్టదనుకుంది మధుమిత ఇన్నాళ్ళూ!

"ఆదివారం రండి తాతా," అంది ఆమె, చేతులు రెండూ పట్టుకుని.

"తాతా అనద్దు. స్టేజీ ఎక్కేవాణ్ణి ఎవరన్నా తాతా అంటారా?"

"ఎక్కుతారా అయితే?"

ఆయన నవ్వు ఆగింది. "ఆయమ్మ లేకుండా ఆ పాట నలుగురిలో వాయించేది లేదని ఒట్టు పెట్టుకోనుండా. ఆయమ్మ రా అంటే వస్తా. ఊ అనకుంటే లే. నువ్వు పోరు పెట్టి ఆయమ్మను ఒప్పించకూడదు. అడుగు, అంతే."

మధుమిత కండెల బుట్టలోంచి ఫోను ఏరుకుంది. ప్రియంక ఎప్పుడో పెట్టేసినట్టుంది. ఇంటికి కలిపి, స్పీకరు నొక్కింది. 

"ఏమి కణ్ణు, తింటివా?" అంది అవ్వ గొంతు. ఆ గొంతే! మధుమిత ఆ గొంతును పుట్టి బుద్ధెరిగిన తర్వాత మొదటిసారి వింటున్నట్టు వింది.

"తింటిని అవ్వా. నేను అన్నూరులో ఉండా."

"అన్నూరులో ఏమి పని నీకు?"

"అవ్వా... అదొచ్చి... ఒకరిని చూసేదానికి..."

ఎంతోమంది పేరున్న వాళ్ళను తడబడకుండా ప్రశ్నలడిగిన మధుమితకు సొంత అవ్వను ఒక్క ప్రశ్న అడగడానికి మాట దొరకలేదు. ఎలా మొదలుపెట్టాలి? దినకరన్ అని చెప్పాలా? గోడౌను అని చెప్పాలా? మొదటి మాటకే ఫోను పెట్టేస్తే? ఆమె దిక్కు తోచక దినకరన్ వైపు చూసింది. ఆయన నేలవైపు చూస్తున్నాడు.

అంతలో కరెంటు వచ్చింది.

పైన ట్యూబులైట్లు టపటపమని వెలిగాయి. వీధిలో ఒక షెడ్డు మొదలైంది, దాని పక్కది మొదలైంది. నిద్ర లేచిన మగ్గాల టకటకలు ఒక్కో షెడ్డే దాటుకుంటూ ఇటువైపు వస్తున్నాయి. దినకరన్ గోడకున్న పెద్ద స్విచ్చు దగ్గరికి నడిచాడు. మగ్గాలు ఆడించడానికే అనుకుంది మధుమిత. ఆయన స్విచ్చు మీద చెయ్యి పెట్టి ఒక్క క్షణం ఆగాడు. దాన్ని అలాగే వదిలేసి, మూలనున్న గోనె పట్టా లాగాడు. పట్టా కింద, దుమ్ము కొట్టుకుపోయి, పాత ఆంప్ ఉంది.

వైరు గుచ్చాడు. గుర్రుమంది. గిటారు భుజానికి తగిలించుకున్నాడు. పంచె కట్టుకున్న ఆ మనిషి వీపు నిటారుగా లేచింది. ఆయన కళ్ళు మూసుకుని మీటాడు.

ఏం చెప్పను! షెడ్డు రేకులు కంపించాయి. మగ్గాల మీది పీచంతా గాల్లోకి లేచింది. మొదటి అడుగు, రెండో అడుగు, గోడలు దాటి, కొబ్బరి తోట దాటి పోతున్నాయి. పక్క షెడ్డులో మగ్గం ఒకటి ఆగిపోయింది, ఎవరో "ఏమప్పా అది?" అని అరిచారు. మధుమిత ఫోనును రెండు చేతులా పట్టుకుని గిటారు వైపు చాచింది. మూడో అడుగు వచ్చింది, వెళ్ళింది. ఆయన చెయ్యి తీగల మీద పెట్టి శబ్దాన్ని ఆపేశాడు.

ఫోనులో ఏమీ వినపడలేదు. పెట్టేసిందేమోనని మధుమిత తెర చూసింది. లేదు, లైను అలాగే ఉంది. అవతల ఎవరో ఊపిరి తీస్తున్న చప్పుడు.

"దినా," అంది ధనభాగ్యం.

ఆయన ఫోను దగ్గరికి జరిగాడు.

"ఇంకా పరిగెత్తుతానే ఉండావే. మూడో అడుగులో ఊపిరి పట్టాలని ఎన్ని తూర్లు చెప్పింటిని నీకు?" అవ్వ గొంతు గద్దిస్తోంది, గద్దిస్తూనే వణుకుతోంది. "ఇట్ల విను."

ఆమె తీసింది. పెదాలు మూసుకుని కాదు. నోరు తెరిచి, పూర్తి గొంతుతో. వయసు మీద పడి కొంచెం బొంగురుపోయిన ఆ గొంతు ఆ చిన్న ఫోనులోంచి షెడ్డంతా నిండింది. దినకరన్ మగ్గాన్ని పట్టుకుని నిలబడిపోయాడు. మధుమిత చెంపల మీద నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. ఆదివారం, స్టేజీ, పుస్తకం ఏదీ గుర్తులేదు ఆమెకు. అవ్వ మూడో అడుగులోకి వచ్చింది, ఊపిరి పట్టింది.

ఆ ఖాళీలో, ఫోనుకు ఆవల, ఇంటి వెనక తలుపు తీసిన చప్పుడు. పత్తి కొట్టు కట్టేసి ఇంటికి వచ్చిన షణ్ముగం గారి గొంతు.

"అమ్మా! ఎవరికి పాడతాండావు అది?"

పట్టిన ఊపిరి పట్టినట్టే ఉండిపోయింది. ఇటు షెడ్డులో ఇద్దరూ కొయ్యబారిపోయారు. 

"షణ్ముగం," అంది ధనభాగ్యం నెమ్మదిగా. "వాకిలి మూసి ఇట్ల వచ్చి కూసో. నీకు ఒకటి చెప్పాల."

అంతే, అవతల నుంచి ఆమె ఫోను పెట్టేసింది.